ఎన్ని అంకణాలైతే ఒక సెంటు?

ఈ నెల మా గణిత శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం భూమి కొలతల గురించే ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇంటి స్థలానికి అంకణం, పొలానికి ఎకరా–సెంటు, బ్యాంకు కాగితాలకు చదరపు మీటరు వాడుకలో ఉన్నాయి కనుక ఈ సందేహాలు రావడం సహజమే. ఒకదానితో ఒకటి ముడిపడిన కొన్ని ఉత్తరాలను ఎంచుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము కొనదలచిన ఇంటి స్థలం పాత దస్తావేజులో 60 అంకణాలు అని ఉంది. కొలతలు 60 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు అని రాశారు. మధ్యవర్తి మాత్రం అది ఐదు సెంట్లని చెప్పి, సెంటు లెక్కన ధర మాట్లాడుతున్నాడు. అప్పు ఇచ్చే బ్యాంకువారు చదరపు మీటర్లలో చెప్పమంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఇదంతా అనులోమానుపాతం లెక్కేనంటోంది. ఎలాగో వివరించగలరు.
— ఒక గృహిణి, తిరుచానూరు

సమాధానం: మీ అమ్మాయి చెప్పింది నిజమే. రెండు రాశుల్లో ఒకటి రెట్టింపయినప్పుడు రెండోదీ రెట్టింపై, ఒకటి సగమైనప్పుడు రెండోదీ సగమై, వాటి నిష్పత్తి ఎప్పటికీ మారకుండా నిలిచి ఉంటే ఆ రెండూ అనులోమానుపాతంలో ఉన్నాయంటాము. మారని ఆ నిష్పత్తే అనుపాత స్థిరాంకం. తిరుపతి వాడుకలో అంకణమంటే 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న చదరం, అంటే 36 చదరపు అడుగులు. కనుక అంకణాల సంఖ్యను x అని, చదరపు అడుగుల సంఖ్యను y అని అనుకుంటే y = 36x అవుతుంది. 5 అంకణాలకు 180, 10 అంకణాలకు 360, మీ 60 అంకణాలకు 2,160 చదరపు అడుగులు. గ్రాఫు కాగితం మీద ఈ బిందువులను గుర్తించి కలిపితే సున్నా నుంచి బయలుదేరే తిన్నని గీత వస్తుంది.

దస్తావేజులోని కొలతలతో దీన్ని సరిచూడవచ్చు. 36 అడుగుల వెడల్పులో ఆరేసి అడుగుల ముక్కలు ఆరు, 60 అడుగుల పొడవులో పది. ఆరు వరుసల్లో పదేసి చదరాలు, మొత్తం 60. దస్తావేజు రాసిన వారి లెక్క సరిగ్గా ఉంది.

ఇక సెంట్ల సంగతి. ఎకరాకు 43,560 చదరపు అడుగులు, అందులో నూరో వంతు సెంటు కనుక సెంటుకు 435.6 చదరపు అడుగులు. 435.6ను 36తో భాగిస్తే 12.1 వస్తుంది. అంటే 12.1 అంకణాలైతే ఒక సెంటు. మీ 60 అంకణాలను 12.1తో భాగిస్తే 4.96 సెంట్లు వస్తాయే గాని ఐదు రావు. ఐదు సెంట్లంటే 60.5 అంకణాలు. తేడా అర అంకణం, 18 చదరపు అడుగులు. వినడానికి స్వల్పంగానే ఉంటుంది. కానీ ఉదాహరణకు అంకణం ధర రూ. 60,000 అనుకుంటే సెంటు ధర రూ. 7,26,000 అవుతుంది. ఐదు సెంట్లకు రూ. 36,30,000 చెల్లించాలి, 60 అంకణాలకైతే రూ. 36,00,000 చాలు. లేని స్థలానికి రూ. 30,000 ఇవ్వవలసిన అవసరం మీకు లేదు.

చదరపు మీటర్లకు వద్దాము. 1959లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అడుగు అంటే కచ్చితంగా 0.3048 మీటరు. దాని వర్గం 0.09290304, అంటే ఒక చదరపు అడుగులో ఉండే చదరపు మీటర్లు ఇన్ని. అంకణం నుంచి చదరపు అడుగుకు ఒక స్థిరాంకం, చదరపు అడుగు నుంచి చదరపు మీటరుకు మరొక స్థిరాంకం ఉన్నప్పుడు, ఆ రెండింటినీ గుణిస్తే అంకణం నుంచి నేరుగా చదరపు మీటరుకు వెళ్లే స్థిరాంకం దొరుకుతుంది. 36ను 0.09290304తో గుణిస్తే 3.3445. మీ స్థలం 60 × 3.3445, అంటే 200.67 చదరపు మీటర్లు. బ్యాంకువారికి ఈ అంకె ఇవ్వండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. మీటరుకు 3.3 అడుగులని నోటిలెక్కగా పట్టుకుని చదరపు మీటరుకు 10.89 చదరపు అడుగులని వేసేవారు చాలామంది ఉన్నారు. అలా వేస్తే మీ స్థలం 198.35 చదరపు మీటర్లుగా తేలుతుంది, అంటే సుమారు 25 చదరపు అడుగులు కాగితం మీదే మాయమవుతాయి. స్థిరాంకంలో వచ్చిన తప్పు కూడా స్థలంతోపాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పది రెట్లు పెద్ద స్థలంలో పోయేది 250 చదరపు అడుగులు. అందువల్ల లెక్క చివరి వరకు స్థిరాంకాన్ని పూర్తిగా ఉంచుకుని, వచ్చిన జవాబును మాత్రమే కుదించుకోవడం మంచిది.

ప్రశ్న: అంకణం కంటే సెంటు పెద్దది. అయినా అంకణాలను సెంట్లలోకి మారిస్తే సంఖ్య తగ్గిపోతుంది. ప్రమాణం పెరిగినప్పుడు సంఖ్య తగ్గుతోంది కనుక దీన్ని విలోమానుపాతం అనాలి గదా? పుస్తకంలో అనులోమం అని ఎందుకు ఇచ్చారు?
— ఒక విద్యార్థి, పలమనేరు

సమాధానం: చాలా మంచి ప్రశ్న. పెద్దవారు కూడా తడబడే చోటు ఇదే. ఏది కదలకుండా నిలిచి ఉంది, ఏది మారుతోంది అన్నది మొదట తేల్చుకుంటే చిక్కు విడిపోతుంది.

స్థలం ఒక్కటే ఉంచి, దాన్ని కొలిచే ప్రమాణాన్ని మారుస్తూ పోయామనుకోండి. 2,160 చదరపు అడుగుల స్థలాన్నే తీసుకుందాము. 9 చదరపు అడుగుల గజంతో కొలిస్తే 240, 36 చదరపు అడుగుల అంకణంతో కొలిస్తే 60, 435.6 చదరపు అడుగుల సెంటుతో కొలిస్తే 4.96. ప్రమాణం పరిమాణాన్నీ వచ్చిన సంఖ్యనూ గుణిస్తే ప్రతిసారీ ఆ 2,160 మాత్రమే వస్తుంది. లబ్ధం మారడం లేదు కనుక ఇది విలోమానుపాతమే. నువ్వు గమనించింది ఇదే, గమనించింది సరిగ్గానే గమనించావు.

పుస్తకం అడిగేది వేరే సంగతి. అక్కడ అంకణం, సెంటు అనే రెండు ప్రమాణాలనూ కదలకుండా ఉంచి, స్థలాలను మారుస్తూ పోతారు. ఒక స్థలం 12.1 అంకణాలు, 1 సెంటు. ఇంకొకటి 60.5 అంకణాలు, 5 సెంట్లు. మరొకటి 121 అంకణాలు, 10 సెంట్లు. అంకణాల సంఖ్యను సెంట్ల సంఖ్యతో భాగిస్తే ప్రతిచోటా 12.1 వస్తుంది. నిష్పత్తి మారడం లేదు కనుక ఇది అనులోమానుపాతం. ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నాము, రెండు మాటలూ నిజమే.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకో. రెండు రాశులు కలిసి పెరిగినంత మాత్రాన అనులోమానుపాతం అయిపోదు. సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఫారన్‌హీట్ డిగ్రీలూ పెరుగుతాయి, కానీ 20 డిగ్రీల సెల్సియస్‌కు 68, 40 డిగ్రీలకు 104 ఫారన్‌హీట్. ఒకటి రెట్టింపయినా రెండోది రెట్టింపు కాలేదు, ఎందుకంటే అక్కడ సున్నాకు సున్నా జత పడదు, 32 జత పడుతుంది. స్థలం విషయంలో సున్నా అంకణాలంటే సున్నా సెంట్లే, సున్నా చదరపు మీటర్లే.

మీ ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. ఈ పాఠానికి పెన్నులు, వాటి ధరలు మాత్రమే ఉదాహరణలుగా ఇవ్వడం కంటే పిల్లల చేత వారి ఇంటి స్థలాన్ని టేపుతో కొలిపించి, అంకణాల్లోకీ సెంట్లలోకీ మార్పించడం మేలని మా అభిప్రాయం. స్థిరాంకం అనే మాటకు అర్థం అప్పుడు బాగా పడుతుంది.

ప్రశ్న: మాది నాయుడుపేట. మా వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతిలో 36 అంటున్నారు. ఇప్పుడు మేమూ తిరుపతి జిల్లాలోనే ఉన్నాము గదా, ఏది సరైన అంకణం? అక్కడ స్థలం చవకా, ఇక్కడ చవకా అన్నది పోల్చుకోవడం ఎలా?
— ఒక విశ్రాంత ఉద్యోగి

సమాధానం: రెండూ సరైనవే, ఎవరి చోట వారిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అప్పటి వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారింది గాని జనం నోట కొలత మారలేదు. ఆ విధంగా ఒకే జిల్లాలో ఒకే పేరుతో రెండు అంకణాలు నిలిచి ఉన్నాయి, ఒకటి రెండోదానికి సరిగ్గా రెట్టింపు.

అనుపాతం భాషలో చెప్పాలంటే తిరుచానూరు వైపు y = 36x, మీ వైపు y = 72x. గ్రాఫులో గీస్తే రెండు గీతలూ సున్నా దగ్గర బయలుదేరుతాయి, ఆపైన మరెక్కడా కలవవు, పైకి పోయేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది. పది అంకణాల స్థలంలో తేడా 360 చదరపు అడుగులు. అదే 60 అంకణాలైతే అక్కడ 2,160 చదరపు అడుగులు, మీ దగ్గర 4,320, అంటే తేడా దాదాపు ఐదు సెంట్లు. సంఖ్యను విని స్థలాన్ని ఊహించుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. స్థిరాంకం ఎవరిదో అడిగి తెలుసుకున్న తరువాతే గుణకారం మొదలుపెట్టాలి.

ధరలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే ప్రమాణానికి తెచ్చుకోవాలి, దానికి చదరపు గజం అనువుగా ఉంటుంది. చదరపు గజానికి 9 చదరపు అడుగులు కనుక తిరుపతి అంకణంలో 4 గజాలు, మీ అంకణంలో 8 గజాలు ఉంటాయి. ఉదాహరణకు తిరుపతిలో అంకణం రూ. 60,000, నాయుడుపేటలో అంకణం రూ. 80,000 చెబుతున్నారనుకోండి. పైకి చూస్తే మీ ఊరే ఖరీదుగా కనిపిస్తుంది. గజం లెక్కకు తెస్తే తిరుపతిలో రూ. 15,000, మీ దగ్గర రూ. 10,000.

దస్తావేజులో గాని అగ్రిమెంటులో గాని అంకణాలు అని మాత్రమే రాసి ఊరుకోవద్దని మా సలహా. నాలుగు వైపుల కొలతలు, వాటితోపాటు చదరపు గజాలు లేదా చదరపు మీటర్లు తప్పనిసరిగా రాయించుకోండి. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు చట్టబద్ధత వచ్చింది, అందులో ఊరికొక చదరపు మీటరు ఉండదు.

ప్రశ్న: నాకు బంగారుపాళెం దగ్గర 3 ఎకరాల 5 సెంట్ల పొలం ఉంది. తోతాపురి మామిడి పెట్టాలనుకుంటున్నాను. 10 మీటర్లకు ఒక మొక్క చొప్పున హెక్టారుకు 100 మొక్కలని కరపత్రంలో ఉంది. హెక్టారుకు 2.47 ఎకరాలని విని 100ను 2.47తో గుణించాను. ఎకరాకు 247 మొక్కలు వచ్చాయి. ఇన్ని పడతాయా?
— ఒక రైతు

సమాధానం: పడవు. అన్ని మొక్కలు పెడితే నాలుగైదేళ్లకు కొమ్మలు కలిసిపోయి తోటలోకి గాలి, వెలుతురు రావు. మీరు గుణించవలసిన చోట భాగించవలసి ఉంది, దానికి కారణం తెలిస్తే మరెప్పుడూ పొరపాటు జరగదు.

భూమిని హెక్టార్ల నుంచి ఎకరాల్లోకి మార్చేటప్పుడు 2.471తో గుణిస్తాము, ఒక హెక్టారు 2.471 ఎకరాలు అవుతుంది కనుక. కానీ మీ చేతిలో ఉన్న 100 అనేది భూమి విస్తీర్ణం కాదు, ‘హెక్టారుకు ఇన్ని’ అనే రేటు. ఆ 100 మొక్కలే 2.471 ఎకరాల్లో సర్దుకోవాలి. కనుక ఒక ఎకరా వాటాకు వచ్చేది 100ను 2.471తో భాగించగా వచ్చిన 40 మొక్కలు. ఎరువు, మందు, దిగుబడి, చివరకు ధర, ఇలా ‘ఇంతకు ఇంత’ అనే ప్రతి అంకె కూడా రేటే కనుక వాటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. పెద్ద ప్రమాణం నుంచి చిన్న ప్రమాణానికి వస్తే గుణించాలి అని బట్టీపట్టిన సూత్రం విస్తీర్ణానికి పనికివస్తుంది, రేటు దగ్గర తలకిందులవుతుంది. ఆ సూత్రాన్ని మేము ఎవరికీ సిఫారసు చేయము. ఎకరా హెక్టారు కంటే చిన్నది గదా, చిన్న నేలలో ఎక్కువ మొక్కలు ఎలా పడతాయి అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు.

మీ పొలానికి లెక్క వేసేటప్పుడు మరొకటి చూసుకోవాలి. 3 ఎకరాల 5 సెంట్లను 3.05 అని రాయాలి, 3.5 అని రాస్తే 3 ఎకరాల 50 సెంట్లు అవుతుంది. 3.05ను 0.4047తో గుణిస్తే 1.234 హెక్టార్లు, దానికి 123 మొక్కలు. పొరపాటున 3.5 వేస్తే 1.416 హెక్టార్లు, 141 మొక్కలు అవుతాయి. నర్సరీలో 18 మొక్కలకు అదనంగా డబ్బు కట్టి తెచ్చి, నాటే చోటు లేక గట్టు మీద పెట్టుకోవలసి వస్తుంది. గట్ల వెంబడి, బోరు దగ్గర వదిలే జాగాను కూడా తీసివేస్తే 123 కంటే ఇంకా కొన్ని తగ్గుతాయి.

ప్రశ్న: మా తాతగారి నాటి సర్వే పటంలో పొలం కొలతలు 150, 230 అని లింకుల్లో ఉన్నాయి. వీటిని సెంట్లలోకి మార్చడం ఎలా? అసలు ఎకరాకు 43,560 చదరపు అడుగులనే వింత అంకె ఎక్కడి నుంచి వచ్చింది?
— ఒక పాఠకుడు, పుత్తూరు

సమాధానం: మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే గొలుసులో ఉంది. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్ల గణితవేత్త భూమి కొలవడానికి 66 అడుగుల గొలుసును రూపొందించి, దాన్ని 100 లింకులుగా విభజించాడు. అందువల్ల ఒక లింకు 0.66 అడుగు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న నేల ఒక ఎకరా. 66ను 660తో గుణించి చూడండి, 43,560 వస్తుంది. అడుగుల్లో చూస్తే వింతగా కనిపించే ఈ అంకె గొలుసుల్లో చూస్తే పది చదరపు గొలుసులు మాత్రమే.

లింకుల్లో చూస్తే ఇంకా సుళువు. గొలుసుకు 100 లింకులు కనుక చదరపు గొలుసుకు 10,000 చదరపు లింకులు, ఎకరాకు లక్ష, సెంటుకు సరిగ్గా వెయ్యి. అంటే చదరపు లింకులకూ సెంట్లకూ మధ్య అనుపాత స్థిరాంకం 1,000. 435.6తో కుస్తీ పట్టవలసిన పనే లేదు. మీ పొలం దీర్ఘచతురస్రమైతే 150 × 230 = 34,500 చదరపు లింకులు, వెయ్యితో భాగిస్తే 34.5 సెంట్లు. ఇన్ని కొలతల్లో మాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఇదే. గొలుసు పట్టుకుని ఎండలో తిరిగే మనిషి కాగితం మీద దశాంశ బిందువును కాస్త జరిపితే చాలు, విస్తీర్ణం తేలిపోతుంది.

పొలం మూలలు వంకరగా ఉంటే పటంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీసిన గీత కనిపిస్తుంది. ఆ గీత పొలాన్ని త్రిభుజాలుగా విడదీస్తుంది. ప్రతి త్రిభుజానికీ భూమి, ఎత్తు లింకుల్లో గుణించి, సగం చేసి, వెయ్యితో భాగించి, అన్నిటినీ కూడండి. అయితే మొదట పటంలోని కొలతలు లింకులేనా అన్నది చూసుకోండి, తరువాతి కాలపు పటాలు మీటర్లలో ఉంటాయి.

ప్రశ్న: గజానికి మూడు అడుగులు కనుక 240 చదరపు గజాలంటే 720 చదరపు అడుగులని మా మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: కాదు, 2,160 చదరపు అడుగులు. పొడవులో మూడు, వెడల్పులో మూడు, కలిసి తొమ్మిది. చతురస్రం వైశాల్యం భుజంతో అనులోమానుపాతంలో ఉండదు, భుజం వర్గంతో ఉంటుంది. ఇదే కారణం చేత ‘20 అడుగుల చదరం’ వేరు, ‘20 చదరపు అడుగులు’ వేరు. మొదటిది 400 చదరపు అడుగుల గది, రెండోది మంచం కూడా సరిగా పట్టని చోటు.

ప్రశ్న: చెన్నైలోని మా బంధువులు గ్రౌండు అంటారు, కోలారు వైపు వారు గుంట అంటారు. మన లెక్కలో ఎంత?
— ఒక పాఠకుడు, నగరి

సమాధానం: గ్రౌండు 2,400 చదరపు అడుగులు, అంటే 66.67 తిరుపతి అంకణాలు, 5.51 సెంట్లు. గుంట 33 అడుగుల చదరం, 1,089 చదరపు అడుగులు, అంటే 30.25 అంకణాలు, సరిగ్గా రెండున్నర సెంట్లు. ఎకరాకు 40 గుంటలు కనుక వారు 3 ఎకరాల 20 గుంటలు అంటే మన లెక్కలో మూడున్నర ఎకరాలు, 3.20 కాదు.